‘పోయిండు’ అన్న ఒక్క మాట

కోరుట్లలో మా సంఘం హాలుకు రెండు తలుపులు ఉండేవి. ముందు తలుపు సోదరులకు. పక్క సందులోని చిన్న తలుపు సాయం అడగడానికి వచ్చేవాళ్లకు. అలా అని ఎక్కడా బోర్డు లేదు. అయినా అందరికీ తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ముందు తలుపులోంచి వచ్చి పక్క తలుపు దగ్గర కూర్చునేవాణ్ని.

మాది మతసంఘం కాదు, కులసంఘం కాదు. వకీళ్లు, డాక్టర్లు, రైస్ మిల్లుల యజమానులు, బీడీ కంపెనీల వాళ్లు కలిసి నడుపుకునే సోదర సంఘం. హాలు లోపల ఒకరినొకరు ‘సోదరా’ అని పిలుచుకుంటారు. మెడలో నీలం పట్టీ వేసుకుంటారు, దీపం వెలిగిస్తారు, పరమాత్ముణ్ని నమ్ముతున్నామని ప్రమాణం చేస్తారు. నేను నాస్తికుణ్ని. వయసులో ఉన్నప్పుడు జగిత్యాలలో, చుట్టుపక్కల ఊళ్లలో సభలు పెట్టి బాబాల మీద, దయ్యాల మీద, ముహూర్తాల మీద గొంతు పోయేదాకా వాదించినవాణ్ని. అలాంటివాడివి ఆ సంఘంలో ఎలా ఇమిడావని చాలామంది అడిగారు. జవాబు సులువు. నేను సోదరుణ్ని కాదు, జీతం తీసుకునే సహాయ కార్యదర్శిని. జీతగాణ్ని ప్రమాణం చేయమని ఎవరూ అడగరు.

ఈ సాయం పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎప్పుడైనా నా దగ్గరికి వచ్చి ప్రణాళికల గురించి, నివేదికల గురించి అడుగుతారు. అవి నేర్పడానికి వేరేవాళ్లు ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక మాట గురించి, ఆ మాట వల్ల ఒక ఇంట్లో జరిగినదాని గురించి. అలసిపోయాను కాబట్టి కోపం తగ్గించి రాస్తాను. పూర్తిగా తగ్గుతుందని హామీ ఇవ్వలేను.

మగ్గాలు ఆగిన వీధికి చీరలు

ముందు సిరిసిల్ల సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మా సోదరుల స్వభావం మీకు అందదు.

మరమగ్గాలు ఆగిపోయి, నేత కార్మికుల ఇళ్లలో ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. మా వాళ్లు కదిలిపోయారు. ఆ బాధ నటన కాదు, నా కళ్లతో చూశాను. అప్పటికప్పుడు సమావేశం పెట్టి, ఇంటికో చీర, ఇంటికో దుప్పటి పంచాలని తీర్మానించారు. బియ్యం తీసుకుపోదామని నేనన్నాను. “బియ్యం సంచి ఫొటోల ఏం కనవడ్తది సార్? చీరైతే కలర్ ఉంటది” అన్నాడు ఒక సోదరుడు. చీరలు సూరత్ నుంచి తెప్పించారు. నేసిన బట్ట అమ్ముడుపోక మగ్గాలు ఆగిన వీధికి మేము లారీలో బట్ట తీసుకుపోయాం.

ఒక పెద్దావిడ చీర అందుకుని, మడత విప్పకుండా ఒళ్లో పెట్టుకుని నాతో మెల్లగా అంది: “కట్టుకునుడుకు కొదువ లేదు సారూ. ఇంట్ల నేసిన బట్ట తాన్లకు తాన్లు పడున్నది. తినుడుకే లేదు. మీరే రెండు తాన్లు కొనుక్కపోండ్రి.”

సోదరులు నవ్వారు. ఆవిడ వెటకారం చేసిందనుకున్నారు. ఆవిడ వెటకారం చేయలేదు, బేరం అడిగింది. ఆ బట్ట మేము కొని ఉంటే ఆ వీధిలో కొన్ని మగ్గాలైనా తిరిగేవి.

ఇచ్చేవాడు తన చేతిలో ఏముందో చూసుకుంటాడు. అది తన చేతిలో ఎంత అందంగా ఉందో కూడా చూసుకుంటాడు. పుచ్చుకునేవాళ్లు ఏమంటున్నారో వినడు. ఇది చెడ్డవాళ్ల లక్షణం అయితే నాకు ఇంత విసుగు ఉండేది కాదు. ఇది మంచివాళ్ల లక్షణం.

ఫోనులో విచారణ

కరోనా తగ్గుముఖం పట్టిన కాలం. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లకు గల్ఫ్ నుంచి మనుషులు తిరిగి వస్తున్నారు. కంపెనీలు మూతపడి కొందరు ఖాళీ చేతులతో వచ్చారు. కొందరు శవాలై పెట్టెల్లో వచ్చారు. కొందరి సంగతి ఏమీ తెలియలేదు.

ఆ ఏడు సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. రైస్ మిల్లు యజమాని. మనసు మంచిది, తొందర ఎక్కువ. గల్ఫ్‌లో భర్తలు చనిపోయిన ఆడవాళ్లకు తన పదవీ స్వీకారం నాడు కుట్టు మిషన్లు ఇవ్వాలన్నది ఆయన కోరిక. మంచి కోరికే. ఊళ్లు తిరిగి, ఇళ్లు చూసి వస్తానన్నాను.

“గంత టైం ఏడున్నది సార్? మన వకీల్ సాబ్ ఫోన్ల మాట్లాడ్తడు తియ్యి” అన్నాడు.

వకీల్ సాబ్ మా సంఘంలో చిన్నవాడు, చురుకైనవాడు. ఊళ్లలో తెలిసినవాళ్లు ఇచ్చిన నంబర్లకు ఫోన్లు చేశాడు. గొల్లపల్లి మండలంలో ఒక ఊళ్లో రాజవ్వ అనే ముసలామె ఫోన్ ఎత్తింది. ఆమె కొడుకు మల్లేశం. వాళ్లది తాళ్లెక్కే కుటుంబం. కల్లు మీద బతుకు సాగక కొడుకు దుబాయి వెళ్లాడు. ఫోనులో జరిగిన సంభాషణ తర్వాత వకీల్ సాబే నాకు చెప్పాడు.

“అవ్వా, నీ కొడుకు దుబాయి పోయిండా?”

“పోయిండు బిడ్డా.”

“ఇప్పుడున్నడా?”

“ఏడున్నడు? పోయిండంటున్న గదా.”

“కోడలుందా?”

“ఉన్నది. ఇద్దరు పోరగాండ్లు. మా బతుకు గిట్లయింది కొడుకా.”

“బాధపడకు అవ్వా, మేమున్నం” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మా దిక్కు మాటలో ‘పోయిండు’ అంటే వెళ్లాడు. ‘పోయిండు’ అంటే చనిపోయాడు కూడా. ఏదన్నది ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తే తెలుస్తుంది. ఫోనులో ముఖం ఉండదు. రాజవ్వ గొంతులో దుఃఖం ఉన్న మాట నిజమే. కొడుకు నుంచి కబురు ఆగిపోయి రెండేళ్లవుతోంది. ఆ దుఃఖాన్ని వకీల్ సాబ్ చావు అనుకున్నాడు.

ఈ చిక్కు తెలుసు కాబట్టే మా ఊళ్లలో గడప దాటేవాడు ‘పోత’ అనడు, ‘పోయొస్త’ అంటాడు. అన్నంత మాత్రాన మనిషి చస్తాడా అని సభల్లో ఆ అలవాటును ఆటపట్టించేవాణ్ని. జనం నవ్వేవారు.

బ్యానర్

బ్యానర్ మీద మాటలు రాసింది ఇంకో సోదరుడు, రిటైరైన తెలుగు పండితుడు. ‘విగతభర్తృకలకు ఉపాధి పరికర ప్రదానం’ అని రాశాడు. విగత అంటే పోయిన. అంటే పండితుడు రాసింది కూడా ‘పోయిండు’ అన్న మాటే. కాకపోతే ఎవరికీ అర్థం కాని భాషలో రాశాడు.

మల్లేశం భార్య సుజాత పదో తరగతి దాకా చదివింది. గల్ఫ్ కుటుంబాలకు మిషన్లు ఇస్తున్నారని ఊళ్లో చెబితే వచ్చింది. బ్యానర్ చదివింది కూడా. “సదివిన సారూ, ఏందో మంత్రమనుకున్న” అని తర్వాత నాతో అంది. మిషన్ చుట్టూ నలుగురు సోదరులు నిలబడి తలా ఒక చెయ్యి వేశారు. ఆమె చెయ్యి పెట్టడానికి చోటు మిగలక, పక్కన కొంగు సర్దుకుంటూ నిలబడింది. ఫొటో తీశారు.

మర్నాడు పేపరువాళ్లు పండితుడి మాటను అందరి భాషలోకి మార్చి వేశారు: ‘వితంతువులకు కుట్టు మిషన్లు’. కింద ఫొటో, పేర్లు.

పొద్దున్నే నాకు ఫోన్ వచ్చింది.

“సారూ, నేను సుజాతను. మా ఆయన సచ్చిపోయిండని మీకు ఎవలు జెప్పిండ్రు?”

ఏడవడం లేదు. తెలుసుకోవడానికి అడుగుతోంది. అక్కడికే వస్తున్నానని చెప్పి జగిత్యాల బస్సెక్కాను.

రాజవ్వ ఇల్లు

నేను వెళ్లేసరికి వాకిలి నిండా జనం. రాజవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

“పెట్టె ఎప్పుడస్తది కొడుకా?”

“పెట్టె లేదవ్వా. మల్లేశం సచ్చిండని ఎవ్వలూ జెప్పలె. మావోళ్లు తప్పు రాసిండ్రు.”

“పెద్ద పెద్ద సార్లు ఉత్తగనే రాస్తరా? పేపర్ల వడ్డది. నీకెర్కున్నది, నాకు జెప్తలెవ్వు.”

తప్పు జరిగిందంటే ఆమె నమ్మలేదు. మేము తప్పు చేయగలమని ఆమె అనుకోలేదు. మా సంఘానికి అంతకంటే పెద్ద గౌరవం ఎవరూ ఇచ్చి ఉండరు. అంతకంటే పెద్ద అవమానం కూడా నాకు తెలియదు.

మల్లేశం పెదనాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాళ్లెక్కి తాళ్లెక్కి వంగిపోయిన మనిషి. దినాలు చేయాల్సిందేనన్నాడు. శవం లేకపోతే ఆకులతో బొమ్మ చేసి కాల్చాలన్నాడు. ఆదివారం అనుకుంటున్నామన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆ మాట వింటూ సుజాత చేతుల వైపు చూస్తున్నారు. చేతులకు గాజులున్నాయి.

సుజాత ఇంటి లోపల కొత్త మిషన్ ముందు కూర్చుని రవికె కుడుతోంది. అవతల ఏడుపు, ఇవతల మిషన్ చప్పుడు.

“మొగడు సచ్చిన ఇంట్ల మిషన్ దొక్కుతది సూడు” అంది ఒకామె.

“సచ్చిండనే గదనే మిషన్ ఇచ్చింది. దొక్కకుంటే ఎట్ల?” అంది సుజాత తల ఎత్తకుండా. “పిల్లలకు పొద్దుగాల నుంచి బువ్వ లేదు. మీరు ఏడ్సుడైనంక జెర వండిపెట్టుండ్రి. నా చేతుల మీద మాత్రం ఎవలన్న చెయ్యెయ్యుండ్రి, సూస్త.”

ఎవరూ వేయలేదు. కానీ ఆదివారం దాకా ఎన్ని చేతులను ఆపగలదు?

నేను పెదనాన్న పక్కన కూర్చున్నాను. చనిపోయాడనడానికి రుజువేమిటని అడిగాను.

“పేపర్ల వడ్డది.”

“పేపరోళ్లకు మా సంఘమే జెప్పింది. మా సంఘానికి ఎవ్వలూ జెప్పలె.”

“మంచిది సారూ. మరి బతికున్నడంటే రుజువేంది? జెప్పు, వింట.”

నా దగ్గర లేదు. జీవితమంతా ఎదుటివాణ్ని రుజువు అడిగి కూర్చోబెట్టినవాణ్ని. ఆ రోజు నన్ను ఆయన కూర్చోబెట్టాడు.

అందుకని ఇంకో దారిన అడిగాను: “శవం లేకుండ జేసే దినాలకు మంచిరోజు సూడాలంటరు గదా. అయ్యగారిని అడిగిండ్రా?”

ఆయన ఆలోచనలో పడ్డాడు. అడగలేదన్నాడు. అడక్కుండా చేస్తే కీడంటారు కదా అన్నాను. నిజమేనన్నాడు. అయ్యగారు ధర్మపురి వెళ్లాడని, వచ్చేదాకా ఆగుదామని అక్కడున్నవాళ్లు అనుకున్నారు. ముహూర్తాలను జన్మంతా తిట్టినవాణ్ని, ఆ పూట ఒక ముహూర్తం చాటున ఆ అమ్మాయి గాజులు దాచాను. ఇది విని నా పాత మిత్రులు కొందరు మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనీ. సభలో గెలవడం వేరు, ఒక వాకిట్లో నాలుగు రోజులు సంపాదించడం వేరు.

కోరుట్లకు వచ్చి, సవరణ వేయించమని అధ్యక్షుణ్ని అడిగాను. “ఇప్పుడు సవరణ అంటే మన పరువేం గావాలె సార్? జెర సూద్దాం” అన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

దుబాయి నుంచి

అయ్యగారు రాకముందే మల్లేశం ఫోన్ వచ్చింది.

అతను కంపెనీ వదిలేసి కల్లివెల్లి అయ్యాడు. పాస్‌పోర్టు కంపెనీ చేతిలో వదిలి, కాగితాలు లేకుండా దొంగచాటుగా పని చేసుకునేవాణ్ని గల్ఫ్‌లో మనవాళ్లు అలా అంటారు. పాత నంబరు పోయింది. ఇంటికి ఏమీ పంపలేక, ఏ మొహంతో మాట్లాడాలో తెలియక మానేశాడు. పేపరు ఫొటో ఫోన్లలో ఊరూరా తిరిగి, అతను ఉంటున్న గదికి చేరింది. గదిలో ఉండే సిరిసిల్ల పిలగాడు చూపించాడట: “మల్లేశన్నా, గీమె వదినె గాదా? నువ్వు సచ్చినవట, ఎర్కనా?”

ఆ సంగతి సుజాత నాకు ఫోనులో చెప్పింది. “నేను బతికే ఉన్ననే అన్నడు సారూ. బతికుంటే ఫోన్ జెయ్యనీకి ఏమైంది, చేతులు వడిపోయినయా అన్న. మస్తు తిట్టిన. ఎన్నడూ గంత తిట్టలె. తిట్టి తిట్టి ఇద్దరం ఏడ్సినం.”

రాజవ్వ మాత్రం గొంతు విని ఒప్పుకోలేదు. వీడియో పెట్టించి, అంగీ విప్పి భుజం మీది మచ్చ చూపించమంది. చూశాకే నవ్విందట. పేపరును రుజువు లేకుండా నమ్మిన మనిషి, కొడుకును మాత్రం రుజువు చూసే నమ్మింది.

సోదరుల తీర్మానం

కబురు విని అధ్యక్షుడు పొంగిపోయాడు. “సూసిండ్రా సార్, మన ప్రోగ్రాం వల్లనే దొరికిండు” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అదే నాకు ఎక్కువ నీరసం తెప్పించింది.

తర్వాతి సమావేశంలో వకీల్ సాబ్ లేచి నియమం చదివాడు. మిషన్లు విగతభర్తృకలకు మాత్రమే. దాతలు అందుకే ఇచ్చారు. సుజాత విగతభర్తృక కాదని తేలింది కాబట్టి మిషన్ ఆమె దగ్గర ఉండటం ధర్మం కాదు. ఇంకో సోదరుడు మధ్యేమార్గం చెప్పాడు. వచ్చే సభలో ఆమె వేదిక ఎక్కి, సంఘమే తన భర్తను వెతికి పట్టిందని రెండు మాటలు చెబితే మిషన్ ఉంచుకోవచ్చు.

“మొగడు బతికినందుకు ఆమెకు జుర్మానా ఏస్తున్నమా?” అన్నాను.

“మీరు ప్రతిదానికి ఎదురే మాట్లాడ్తరు సార్” అన్నాడు అధ్యక్షుడు, కోపం లేకుండా. “మంచిగ అడిగి సూడుండ్రి.”

సుజాతకు ఫోన్ చేసి రెండు దారులూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. అంతా వింది. తర్వాత అంది: “మంగళారం మీ మీటింగ్ ఉంటది గదా. అస్త.”

ముందు తలుపు

మంగళవారం దీపం వెలిగించి, పట్టీలు వేసుకుని సోదరులు కూర్చున్నారు. సందులో ట్రాలీ ఆటో ఆగింది. డ్రైవరు, సుజాత మిషన్ దించి పక్క తలుపులోంచి తేబోయారు. బల్లతో సహా ఉన్న మిషన్ ఆ తలుపులో పట్టలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి చుట్టూ తిరిగి ముందు తలుపులోంచి మోసుకొచ్చి హాలు మధ్యలో, దీపం ముందర దించారు. వెనకే రాజవ్వ.

“ఏందమ్మా, గిట్ల ముందర నుంచి వచ్చిండ్రు?” అన్నాడు అధ్యక్షుడు.

“గా తలుపుల పట్టలె సేటూ.”

“మిషన్ తెమ్మని ఎవలన్నరు? స్టేజీ మీద రెండు మాటలు జెప్తే అయిపోవు గదా.”

“ఏం జెప్పాలె?”

“సంఘం మా ఆయన్ను ఎతికి పట్టిందని.”

“మీరు ఎతుకలె సేటూ” అంది సుజాత. “మీరు సంపిండ్రు. గందుకే గాయన లేశిండు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. వకీల్ సాబ్ మొహం ఎర్రబడింది. “మీ అత్తమ్మనే పోయిండని జెప్పింది. మేం కల్పించి రాయలె” అన్నాడు.

రాజవ్వకు ఆ మాట వినపడింది.

“పోయిండన్న బిడ్డా” అంది. “రాడన్ననా?”

తెలుగు పండితుడు లేచి తన కుర్చీ తెచ్చి రాజవ్వ ముందు పెట్టాడు. ఆమె కూర్చోలేదు, చెయ్యి మాత్రం కుర్చీ మీద ఆనించింది. ఆ హాలులో నేను చూసిన సోదరభావం అదొక్కటే. అందుకని రాస్తున్నాను.

“గిది మొగడు సచ్చినామె మిషన్” అంది సుజాత అధ్యక్షుడితో. “గామె ఎవలో ఎతికి ఇయ్యుండ్రి. నేను గాదు.”

వచ్చిన తలుపులోంచే వెళ్లిపోయారు.

చివరగా

మాటకు మహిమ లేదని అప్పుడు చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. ‘పోయిండు’ అన్నందుకు మల్లేశం చావలేదు. కానీ ఆ మాటను బ్యానర్ మీదికి ఎక్కించగలవాళ్లకు ఒక బలం ఉంటుంది. వాళ్లు రాస్తే, వాకిట్లో ఆకులతో బొమ్మ తయారవుతుంది. సాయం పనిలో ఉన్నవాళ్లందరి చేతుల్లో ఆ బలం ఉంటుంది. మూఢనమ్మకాల మీద అన్నేళ్లు పోరాడి, ఈ నమ్మకం జోలికి నేను ఆలస్యంగా వచ్చాను: పెద్దవాళ్లు రాశారు కాబట్టి నిజమే అయ్యుంటుందన్న నమ్మకం. ఇది దయ్యాల కంటే మొండిది. ఇళ్లకు వెళ్లండి. ముఖం చూసి అడగండి. అడిగిన మాటనే ఇంకోలా మళ్లీ అడగండి. నేర్పడానికి నా దగ్గర అంతకంటే ఏమీ లేదు.

ఆ రాత్రి హాలు తాళం వేయబోతూ చూస్తే, మిషన్ సూది కింద సగం కుట్టిన రవికె గుడ్డ ఉండిపోయింది. ఎవరిదో పని. మర్నాడు దాన్ని తీసుకుని గొల్లపల్లి బస్సెక్కాను.

సుజాత పక్కింటివాళ్ల పాత మిషన్ అడుక్కుని తెచ్చుకుంది. పెడల్ కిర్రుమంటోంది. రవికె గుడ్డ చూసి, “అమ్మో, గీ రవికె గలామె నన్ను ఒకటే తిడ్తుంది సారూ” అని నవ్వి, చాయ పెట్టడానికి లేచింది. అప్పుడే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. మల్లేశం. పాస్‌పోర్టు లేకుండా ఇంటికి రానిచ్చే ఔట్‌పాస్ కాగితం కోసం తిరుగుతున్నాడట.

“ఎవలో మాట్లాడినట్టయితుంది, ఎవలచ్చిండ్రు?” అన్నాడు.

“కోరుట్ల సంఘం సారు.”

“గీసారి ఎవలు సచ్చిండ్రట?”

సుజాత నా వైపు చూసింది, మీరే చెప్పండి అన్నట్టు.

“ఎవ్వలూ సావలె మల్లేశం” అన్నాను.

“గట్లనే ఉండనియ్యుండ్రి సారూ” అన్నాడు.